చత్వారం

మొన్న ఒకావిడ ఒక పాత కళ్ళజోడు తెచ్చి మా కళ్ళజోళ్ళ దుకాణంలో బల్లమీద పెట్టారు. వాళ్ళమ్మగారిదట. గుండ్రటి గాజు అద్దాలు, తేనెరంగు ఫ్రేము. ఎడమ కాడ దగ్గర మర వదులై వేలాడుతోంది. ఫ్రేము ఇదే ఉంచి, అందులో తన పవర్ వేయించుకోవాలని ఆవిడ కోరిక. ముక్కుమీద కూర్చునే వంపును బొటనవేలితో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే కర్పూరం వాసన లేచింది. ఇక అనుమానం లేదు, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. దాని తయారీలోనే కర్పూరం పడుతుంది కనుక ఎన్నేళ్ళు గడిచినా రాపిడికి ఆ వాసన బయటికొస్తుంది. మంట దగ్గరికి పోనిస్తే భగ్గుమంటుంది కూడా. అసిటేట్ ఫ్రేములు వచ్చి దాన్ని పక్కకు నెట్టేయడానికి అదొక కారణం.

ఆ వాసనతో పాటు, ఒకప్పుడు చూపు పరీక్షించి అద్దాలు కోసిన పాత గది మొత్తం తిరిగొచ్చింది.

గది పెద్దదేమీ కాదు. చూపు పరీక్షకు ఆరు మీటర్ల దూరం కావాలి, అంత పొడుగు లేదు. అందుకని మూడు మీటర్ల దూరంలో నిలువుటద్దం బిగించి, అక్షరాల పలకను కుర్చీ వెనక గోడకు వేలాడదీశారు. పలకమీద అక్షరాలు కుడి ఎడమలు తిరగేసి ఉండేవి, అద్దంలో చూస్తే తిన్నగా కనపడేవి. పక్కన ట్రయల్ పెట్టె. లోపల మఖమల్ గుడ్డ, గాళ్ళలో జతలు జతలుగా అద్దాలు. మైనస్ వాటికి ఎర్ర అంచు, ప్లస్ వాటికి నల్ల అంచు. ఒక్కోటీ ట్రయల్ ఫ్రేములోకి జారవిడిస్తే టిక్కుమనేది. "ఇది బావుందా? ఇదా?" టిక్. "మళ్ళీ చూడండి. మొదటిదా, రెండోదా?" టిక్. తెర వెనక గ్రైండింగ్ రాయి మీద నీళ్ళు బొట్టు బొట్టుగా పడే చప్పుడు, దానిమీద గాజు ఒరుసుకునే సన్నటి రొద. సాయంత్రానికి ఆ రొద చెవుల్లోనే ఉండిపోయేది.

గాజును చేత్తోనే కోసేవాళ్ళు. ఫ్రేము ఆకారానికి అట్టముక్క కత్తిరించి అద్దం మీద పెట్టి, వజ్రపు మొనతో చుట్టూ గీత గీసి, గీత బయటి గాజును పటకారుతో కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ రావాలి. తొందరపడి పెద్ద ముక్క కొరికితే పగులు గీత దాటి లోపలికి పరిగెత్తేది. ఆ అద్దం ఇక చెత్తబుట్టకే. మిగిలిన ఒకటి రెండు మిల్లీమీటర్లూ తడిరాయి మీద అరగదీసి, అంచుకు రెండు వైపులా వాలు తీస్తే ఫ్రేము గాడిలో కూర్చుంటుంది. లోహపు ఫ్రేములతో ఒక చిక్కుండేది. అద్దం వెంట్రుకవాసి పెద్దదైనా మర బిగిస్తే పట్టేస్తుంది. "పర్లేదులే" అని బిగించేస్తే ఆ ఒత్తిడి గాజులో దాక్కుంటుంది. గల్లాపెట్టె దగ్గర నిగనిగలాడిన జోడే కొన్నాళ్ళకి అంచు పెచ్చులూడి తిరిగొచ్చేది. ఇప్పుడు ఫ్రేమును యంత్రమే కొలుచుకుంటుంది, ప్లాస్టిక్ అద్దాన్ని అదే కోస్తుంది. ఆ ప్లాస్టిక్ బరువు గాజులో సగం. ముక్కుకిరువైపులా నొక్కుకుపోయిన ఎర్ర గుంటలు చూసి "చాలాకాలంగా జోడు వాడుతున్నట్టున్నారు" అని పోల్చుకునే రోజులు పోయాయి.

* * *

కొత్తగా జోడు కోసం వచ్చేవాళ్ళలో పెద్ద వాటా చత్వారం వాళ్ళదే. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. మన భాష ఈ విషయంలో మొహమాటం లేకుండా వయసును పేరులోనే పెట్టేసింది. అందుకేనేమో ఆ మాటని నోటితో అనడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు.

చూపు తగ్గిందని ఎవరూ చెప్పుకునేవారు కాదు. అచ్చు మరీ చిన్నదిగా వేస్తున్నారనేవారు. మందు సీసా మీద రాతలు అసలు మనుషులు చదవడానికేనా అనేవారు. నిద్ర చాలలేదని, బల్బు మార్చాలని, ఈ మధ్య దారాలు నాసిగా ఉండి సూది బెజ్జంలోకి పోవడం లేదని అనేవారు. అన్నీ అయ్యాక లేస్తూ, "పోయిన నెల దాకా బాగానే ఉందండీ" అనేవారు. ఇది మటుకు అందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు, వాళ్ళకు నిజంగా అలాగే అనిపిస్తుంది.

కంట్లో కటకం పుట్టినప్పటినుంచి పెరుగుతూనే ఉంటుంది. పొర మీద పొర వేసుకుంటూ, ఏడాదికేడాది బిరుసెక్కుతూ ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది ఉబ్బాలి, బిరుసెక్కే కొద్దీ ఉబ్బడం తగ్గుతుంది. పదేళ్ళ పిల్ల పుస్తకాన్ని కంటికి ఏడు సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని కూడా చదవగలదు. ఇరవై ఏళ్ళకి ఆ దూరం సుమారు పది సెంటీమీటర్లు. నలభైకి ఇరవై దాటుతుంది. యాభైకి నలభై దాకా పోతుంది. అరవైకి మీటరు. ఉట్రెక్ట్‌ అనే డచ్చి ఊళ్ళో పనిచేసిన డాండర్స్ అనే వైద్యుడు 1864లో అచ్చువేసిన పుస్తకంలోనే ఈ లెక్క దాదాపు ఇలాగే ఉంది. గమ్మత్తేమిటంటే ఇందులో నలభైకి ప్రత్యేకంగా జరిగేదేమీ లేదు. తరుగుడు చిన్నప్పుడే మొదలై ఒకే వరుసలో దిగుతూ వస్తోంది. మనిషి పుస్తకం పట్టుకునే దూరాన్ని ఆ గీత దాటిన రోజున మాత్రం, నిన్నటిదాకా ఉన్నదేదో ఇవాళ పోయినట్టుంటుంది. ముప్పై ఏళ్ళుగా తరుగుతున్న నిల్వ అడుగంటిన రోజు అది. వయసు మీదపడిందని మనుషులకు తోచేది తరుగుడు మొదలైనప్పుడు కాదు, నిల్వ అయిపోయినప్పుడు.

పైగా కంటికి ఉన్న శక్తిలో సగమే హాయిగా, ఎక్కువసేపు వాడగలం. మిగతా సగం కాసేపే నిలుస్తుంది. అందుకని నలభై రెండేళ్ళ మనిషి పొద్దున ఏ ఇబ్బందీ లేకుండా చదివేసి, రాత్రి తొమ్మిదింటికి అదే పేజీ ముందు కళ్ళు నులుముకుంటాడు. పరీక్షకు పొద్దున్నే వస్తే అన్నీ సరిగ్గానే చదివేస్తాడు, "ఏం లేదు పొండి" అని పంపేస్తారు. ఈ తప్పు ఆ గదిలో చాలాసార్లు జరిగింది. తర్వాత తర్వాత ఒక పద్ధతి అలవాటైంది. అనుమానం ఉన్నవాళ్ళని పగలంతా పని చేసుకుని సాయంత్రం రమ్మనేవాళ్ళు.

* * *

గోడకున్న మేకుకు ఒక దారం వేలాడుతూ ఉండేది. గట్టి తెల్ల దారం, వేళ్ళ మురికికి బూడిదరంగు తిరిగింది. దానికి నాలుగు ముడులు. దారం కొసని కనుబొమ దగ్గర ఆనించి, ఎదుటి మనిషి తన పని ఎంత దూరంలో చేస్తాడో అక్కడిదాకా లాగేవాళ్ళు. మొదటి ముడి 33 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 40, మూడోది 50, నాలుగోది 67. నూరుని ఆ సెంటీమీటర్లతో భాగిస్తే పవర్ వస్తుంది. మూడు, రెండున్నర, రెండు, ఒకటిన్నర. కంట్లో ఇంకా మిగిలున్న శక్తిలో సగాన్ని ఇందులోంచి తీసేస్తే అద్దానికి వేయాల్సింది తేలుతుంది.

పుస్తకాన్ని మొదటి ముడి దగ్గర పట్టుకునేవాళ్ళకి ఈ లెక్క వేస్తే నలభై అయిదుకి ఒకటి, ఒకటింపావు. యాభైకి ఒకటిన్నర, ఒకటి ముప్పావు. యాభై అయిదుకి రెండు, అరవైకి రెండున్నర. ఆ పైన పెద్దగా పెరగదు, ఎందుకంటే కంట్లో తగ్గడానికి ఇంకేమీ మిగలదు. అద్దాలు పెట్టుకుంటే అలవాటైపోయి పవర్ పెరుగుతుందని మొండికేసేవాళ్ళకి ఈ వరుసే చూపించేవాళ్ళు. పెట్టుకున్నా పెరుగుతుంది, పెట్టుకోకపోయినా పెరుగుతుంది. పెట్టుకోనివాళ్ళకి అదనంగా తలనొప్పి.

దారం తీయకుండా పని కానిచ్చిన రోజున ఏమయ్యేదో చెప్పాలి. వయొలిన్ వాయించే మనిషికి పుస్తకం దూరానికి అద్దాలిచ్చి పంపారనుకోండి. స్వరాల కాగితం స్టాండు మీద అరవై, డెబ్బై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ అంతా మసక. అందుకని మనిషి ముందుకు వంగుతాడు. నెల తిరిగేసరికి మెడనొప్పి, నడుంనొప్పి. ఇంట్లోవాళ్ళు "వయసు మీదపడిందిలే, కాస్త తగ్గించు" అంటారు. ఒకటిన్నర వేయాల్సిన చోట రెండున్నర వేసినందుకు పాపం అతను వాయిద్యం పక్కన పెట్టేయాలా అని ఆలోచనలో పడతాడు. ఇలాంటివి చూశాక, ఎవరైనా "ముసలితనం వచ్చేసింది" అంటే ముందు మేకు మీది దారం తీయాలనిపించేది.

బలం ఎక్కువైన అద్దాలది ఇంకో రకం తిప్పలు. అక్షరాలు పెద్దగా, నల్లగా కనపడేసరికి గదిలో అందరూ మురిసిపోతారు. ఇంటికెళ్ళాక పుస్తకం పాతిక సెంటీమీటర్ల దగ్గర తప్ప ఇంకెక్కడ పట్టుకున్నా కుదరదు. తొలిసారి జోడు పెట్టుకునేవాళ్ళకి కాస్త తక్కువే వేయాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు మహదానందం కలిగించిన అద్దం, తర్వాత వారంలో తిరిగొచ్చే అద్దం చాలాసార్లు ఒకటే.

* * *

రిజిస్టరులో పేరు పక్కన వయసు గడి ఉండేది. దాని దగ్గరికి రాగానే గొంతులు తగ్గేవి. "వయసెందుకండీ, చూపు చూడండి చాలు" అనేవాళ్ళు ఉండేవారు. నిజానికి పరీక్షకు ముందే వయసును బట్టి పవర్ పావుకు అటూ ఇటూగా ఊహించొచ్చు. వయసు దాచినా రెండు గళ్ళ అవతల పవర్ గడి చెప్పేసేది. ముప్పై తొమ్మిది అని రాయించుకుని, దగ్గరికి ఒకటి ముప్పావు తీసుకున్నవాళ్ళుంటే పెన్ను అక్కడ ఓ క్షణం ఆగేది. అయినా తొందరపడకూడదు. దూరానికే ప్లస్ ఉన్నవాళ్ళకి నిల్వలో కొంత చిన్నప్పటినుంచీ అప్పు కిందే ఖర్చవుతూ ఉంటుంది, వాళ్ళకి ముప్పై ఆరు, ముప్పై ఏడుకే చత్వారం బయటపడుతుంది. ముందు దూరపు చూపు కొలిచి చూస్తే గానీ మనిషి అబద్ధమాడాడో, కన్ను నిజం చెప్పిందో తెలియదు.

దూరం ఆనని మైనస్ వాళ్ళది రాజయోగం. రెండున్నర మైనస్ ఉన్న మనిషి జోడు తీసేస్తే చాలు, నలభై సెంటీమీటర్ల దగ్గర ఏ వయసులోనైనా చదువుకుంటాడు. చిన్నప్పుడు బళ్ళో వెక్కిరింపులు పడ్డ ఈ సోడాబుడ్లే యాభై ఏళ్ళకి బెజ్జంలో దారం ఎక్కించి స్నేహితులకి అందించేవారు. ఒకే ఏడాది పుట్టిన ముగ్గురు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే, ఒకరికి ముప్పై ఏడుకే అయిపోయిందనిపిస్తుంది, ఒకరికి నలభై అయిదుకి, ఒకరికి అసలేమీ జరిగినట్టే ఉండదు. అయిపోయిందని తోచే రోజుకీ పుట్టినరోజు తేదీకీ సంబంధం చాలా తక్కువ.

* * *

గీత గురించి చెప్పకుండా ఈ జ్ఞాపకాలు పూర్తికావు. బైఫోకల్ అద్దంలో దూరానికీ దగ్గరకీ మధ్యన కనపడే గీత. ఎదుటివాళ్ళకి వయసు చెప్పేసేది అదేనని జనం భయం. "గీత కనపడకుండా లేదా?" అని అడగనివాళ్ళు తక్కువ. అడిగేటప్పుడు అద్దంలో చూసుకోరు, పక్కన వచ్చినవాళ్ళ మొహం చూసేవారు.

అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి ఆ బెంగ ఉన్నట్టు లేదు. రెండు జోళ్ళు మార్చి మార్చి పెట్టుకోలేక విసుగొచ్చి, అద్దాల్ని సగానికి కోయించి ఒకే చట్రంలో పైనొకటి కిందొకటి అమర్పించుకున్నాడు. 1785లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఈ సంగతి చెప్పాడు. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు, ఉంటున్నది ఫ్రాన్సులో. భోజనాల బల్ల దగ్గర పళ్ళెంలో ఉన్నదీ కనపడుతోంది, ఎదురుగా మాట్లాడేవాళ్ళ మొహమూ కనపడుతోంది, పెదవుల కదలిక తెలియడం వల్ల ఫ్రెంచి ఇంకాస్త బాగా అర్థమవుతోందని రాశాడు. జోడు పెట్టుకుంటే చెవులు బాగా వినపడతాయని అంటే నవ్వేవాళ్ళకి ఇది చెప్పాలి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేవి సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు. గొంతు వినపడుతూనే ఉంటుంది, స, శ, ఫ లాంటివి జారిపోతాయి. అందుకే పెద్దవాళ్ళు "వినపడటం లేదు" అనరు, "ఈ కాలం పిల్లలు నములుతూ మాట్లాడతారు" అంటారు. అచ్చు చిన్నదైపోయిందన్న మాటకి ఇది తోబుట్టువు. వాళ్ళతో గట్టిగా అరవక్కర్లేదు. వెలుతురు మన మొహం మీద పడేలా నిలబడి, కాస్త నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అందుకుంటారు.

గీతతో వచ్చిన అసలు చిక్కు మెట్ల దగ్గర. కింది సగం నలభై సెంటీమీటర్లకు చేసింది. మెట్టు ఒకటిన్నర మీటరు దూరంలో ఉంది. కళ్ళు దించి చూస్తే మెట్టు అంచు మసకబారి, పైకి లేచినట్టుంటుంది. కొత్త జోడుతో మొదటి వారంలో తూలడాలు ఇందుకే. అద్దం బిగించేటప్పుడు గీత కింది కనురెప్ప అంచు దగ్గరికి రావాలి. ఎక్కువగా నడిచి తిరిగేవాళ్ళకి ఇంకో మిల్లీమీటరో రెండో దించాలి. జోడు తీసుకువెళ్ళేవాళ్ళకి గుమ్మంలో నిలబెట్టి చెప్పేవాళ్ళు: "మెట్లు దిగేటప్పుడు కళ్ళు కాదండీ, గడ్డం దించండి. పైభాగంలోంచి చూడండి." సగంమంది తలూపి, కళ్ళే దించేవారు.

ఫ్రాన్సులో మెటనాజ్ అనే ఇంజినీరు తయారు చేసిన ప్రోగ్రెసివ్ అద్దం 1959లో బజారుకొచ్చింది. గీత మాయమైంది. పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారుతూ వస్తుంది. బదులుగా రెండు పక్కల కింది భాగంలో మసక తప్పదు. దేన్ని చూడాలంటే దానివైపు ముక్కు తిప్పాలి, కళ్ళు ఓరగా తిప్పితే కుదరదు. కనుపాప మధ్యకు సరిగ్గా గుర్తు పెట్టాలి. ఫ్రేము ముక్కుమీద రెండు మిల్లీమీటర్లు జారినా దగ్గరి పవర్ కిందికి పోయి, మనిషి గడ్డం ఎత్తి చదువుతాడు. "ప్రోగ్రెసివ్ నాకు పడలేదు" అన్నవాళ్ళలో చాలామందికి పడనిది అద్దం కాదు, జారిపోతున్న ఫ్రేము. ముక్కు దగ్గర ప్యాడ్లు దగ్గరికి వంచితే పడేది.

* * *

వెలుతురు చాలడం లేదన్న సాకు సాకు కాదు. వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ళ కంట్లోకి వెళ్ళే వెలుతురులో అరవై ఏళ్ళవాళ్ళ కంటికి చేరేది సుమారు మూడో వంతే. కాబట్టి బల్బు మార్చాలన్న మనిషిని చూసి నవ్వకూడదు, మార్చాల్సిందే. అంతకన్నా తేలికది, దీపాన్ని దగ్గరికి జరపడం. సగం దూరానికి తెస్తే కాగితం మీద వెలుతురు నాలుగింతలవుతుంది. రాసే చెయ్యి కుడిదైతే దీపం ఎడమ పక్కన, కంట్లో పడకుండా భుజం వెనగ్గా పెట్టాలి.

ఆ పసుపు ముదిరి మబ్బుపడితే శుక్లం. శుక్లం తీయించుకున్నవాళ్ళ జోళ్ళు ఒకప్పుడు ఎలా ఉండేవో ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. కంట్లోంచి కటకం తీసేస్తే దాని బదులు ముక్కుమీద పది, పన్నెండు ప్లస్ అద్దం మోయాలి. గాజుది. మధ్యన వేలెడు లావు. వస్తువులన్నీ నాలుగో వంతు పెద్దగా, దగ్గరగా కనపడతాయి. గ్లాసులో నీళ్ళు పోయబోతే బల్లమీద పోసేవారు. ద్వారబంధాలు లోపలికి వంగినట్టుంటాయి. అద్దం అంచు చుట్టూ ఒక గుడ్డి వలయం, అందులోంచి మనుషులు ఉన్నట్టుండి ఎదురుగా ఊడిపడేవారు. ఆ జోడు పెట్టుకున్నవాళ్ళ నడక దూరం నుంచే తెలిసిపోయేది, పాదం ఎత్తి ఎత్తి, గాలిని తడుముతున్నట్టు. అదంతా ముసలితనమనే అనుకునేవాళ్ళు చూసేవాళ్ళు. అందులో సగం జోడు పని. హెరాల్డ్ రిడ్లీ లండన్‌లో 1949లోనే కంటి లోపల ప్లాస్టిక్ కటకం పెట్టాడు. అది అందరికీ మామూలు విషయం కావడానికి మరో ముప్పై ఏళ్ళకు పైనే పట్టింది. ఆ లావు అద్దాలతో పాటు ఆ నడకా పోయింది.

లోపలి కటకం రోజుల్లో మరో వింత మొదలైంది. ఒక కన్నుకి ఆపరేషన్ అయి కట్టు విప్పాక, తెల్ల గోడ నీలంగా ఉందని, ముదురు నీలమూ నలుపూ వేరువేరని కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేవారు. నాలుగో రోజో అయిదో రోజో, కాస్త చిన్నబుచ్చుకుని, "ఇన్ని ముడతలెప్పుడు వచ్చాయి?" అని చేత్తో బుగ్గ తడుముకునేవారు. ఏళ్ళ తరబడి శుక్లం వాళ్ళ మొహాన్ని వాళ్ళకి మెత్తగా చూపించింది. చూపు మెరుగుపడ్డ రోజునే వయసు తెలిసింది.

* * *

ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళని అడగక్కర్లేదు, వాళ్ళే చెప్పేవారు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒక ఫ్రేము పక్కకు నెట్టి, "ఇది ముసలివాళ్ళకు బావుంటుంది, నాకింకోటి చూపించండి" అనడం వింత కాదు. మామూలే. జర్మనీలో పాతికేళ్ళపాటు పద్నాలుగు వేల మందిని ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగి 2024లో లెక్కలు బయటపెట్టారు. 1911లో పుట్టినవాళ్ళకి తమ అరవై అయిదో ఏట, ముసలితనం 71కి మొదలవుతుందని తోచి ఉండేదని అంచనా కట్టారు. 1956లో పుట్టినవాళ్ళు అదే వయసులో 74 అన్నారు. మనిషికి వయసు పెరిగే కొద్దీ గీతని ఇంకా ముందుకు జరుపుతున్నాడని కూడా తేలింది. డెన్మార్క్‌లో జనాన్ని అడిగి 2006లో అచ్చువేసిన పరిశీలన ఒకటుంది. నలభై దాటినవాళ్ళు సగటున తమ వయసుకంటే 20 శాతం చిన్నవాళ్ళమనే అనుకుంటారని. యాభై ఏళ్ళవాళ్ళకి లోపల నలభై. రిజిస్టరులో వయసు తగ్గించి చెప్పినవాళ్ళందరూ అబద్ధాలకోరులు కాదన్నమాట, కొందరు లోపలి వయసు చెప్పారు.

రిటైర్మెంటు వయసును పట్టుకుని ఆ గీత గీయడం మరీ తమాషా. 1889లో జర్మనీ వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చినప్పుడు 70 అని రాసుకుంది, 1916లో దాన్ని 65కి దించింది. కంటినీ మోకాలినీ ఎవరూ అడిగి పెట్టిన అంకెలు కావవి.

ఆ గదిలో పెద్దాయన ఒకరు "ముసలితనం అద్దాలు" అన్న మాట పనివాళ్ళ నోట రానిచ్చేవారు కాదు. "చదువుకునే అద్దాలు" అనాలి. అప్పట్లో అది అమ్మకం కిటుకనే అనుకునేవాళ్ళు. 2002లో అమెరికాలో బెకా లెవీ బృందం అచ్చువేసిన పరిశోధన చూశాక ఆ మాట వేరేగా వినపడుతుంది. యాభై దాటిన 660 మందిని ఇరవై ఏళ్ళకు పైగా గమనిస్తే, వయసు గురించి మంచిగా తలచినవాళ్ళు మిగతావాళ్ళకంటే ఏడున్నర ఏళ్ళు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా మిగిలింది. తలపే ఆయుష్షు పోస్తుందని దీన్నిబట్టి రుజువైపోదు. పెద్దాయనకి ఆ పరిశోధన తెలిసే అవకాశమూ లేదు. మనుషులు కుర్చీలోంచి లేచేటప్పటి మొహాలు చూసి నేర్చుకున్నారంతే.

తొలి జోడు పెట్టుకున్న మొహం మటుకు ఒకేలా ఉండేది. ముందు పరీక్ష కార్డుని అలవాటు కొద్దీ చెయ్యంతా చాచి పట్టుకుంటారు. మసక. "దగ్గరికి తీసుకురండి" అంటే మోచెయ్యి మెల్లగా మడుస్తారు, నమ్మకం లేకుండా. అరచెయ్యంత దూరం వెనక్కి వచ్చేసరికి అక్షరాలు ఒక్కసారి నల్లబడతాయి. అప్పుడు చదవరు, అరచెయ్యి తిప్పి గీతలు చూసుకుంటారు, గోళ్ళు చూసుకుంటారు. కన్ను ఆ నిమిషంలోనే ఒప్పుకుంటుంది. చేతికి అలవాటు మానడానికి వారం, పదిరోజులు పడుతుంది. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం వచ్చాక ఆ చాచిన చేతులు కనపడటం తగ్గింది. జోడు కోసం రావడం కూడా ఏడాది రెండేళ్ళు ఆలస్యమవుతోంది.

* * *

ఆవిడ తెచ్చిన జోడు సంగతికి వస్తాను. పాత అద్దాల పవర్ ఎంతో చూడటానికి యంత్రం ఉంది. కానీ చేత్తోనే చూడాలనిపించింది. కాగితం మీద కూడిక గుర్తు గీసి, అద్దంలోంచి చూస్తూ అద్దాన్ని కుడికి జరిపితే గీత ఎడమకి జరిగింది. ప్లస్. ట్రయల్ పెట్టెలోంచి మైనస్ అద్దాలు ఒక్కోటీ దాని మీద ఆనించి చూస్తుంటే, రెండు దగ్గర గీత ఇంకా కదులుతోంది. రెండుంబావు, కొంచెం. రెండున్నర దగ్గర ఆగిపోయింది. రెండు కళ్ళకీ అంతే. అంటే వాళ్ళమ్మగారు ఆ అద్దాలు వేయించుకునేనాటికి అరవై దాటి ఉండొచ్చు. కూతురికి తేలింది ఒకటింపావు.

ఎండిపోయిన సెల్యులాయిడ్ ఫ్రేము, సాగదు. అందుకని కొత్త ప్లాస్టిక్ అద్దాన్ని పావు మిల్లీమీటరు తక్కువకే కోసి, ఫ్రేమును గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి తుడిచి, ముక్కువైపు నుంచి మొదలుపెట్టి బొటనవేళ్ళతో అంగుళం అంగుళం నొక్కితే అద్దం గాడిలోకి దిగింది. కాడకి కొత్త మర. పాత గాజు అద్దాలు రెండూ పల్చటి కాగితంలో చుట్టి ఇస్తే, ఆవిడ విప్పి ఒకసారి కళ్ళకడ్డం పెట్టుకుని చూసి, మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

జోడు పెట్టుకున్నాక బిల్లు చేతికిచ్చాం. చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది, సగంలో ఆగింది, వెనక్కి వచ్చింది.